పంతొమ్మిది దినాలు తక్కువ

మూడేండ్లు పల్లెల కొలువు జేస్తే
పెద్ద చదువుకు తోవ ఉంటదన్నరు.
జేసిన.
దేవరకొండ దాటినంక తారు రోడ్డు అలిసిపోయే కాడ,
బోరు నీళ్లు పిల్లల పండ్లను పసుపు జేసే ఊర్ల,
ఒక ఫ్యాను, రెండు మంచాలు,
పాము కాటు సూదులు దాచిన పాత ఫ్రిజ్జు.

సర్వీసు బుక్కు తిప్పుకుంట తిప్పుకుంట
జిల్లా ఆఫీసు గుమాస్తా కలం ఆపిండు:
"పంతొమ్మిది దినాలు తక్కువున్నయ్ మేడం."

ఆ పంతొమ్మిది దినాలు నేను పండుకోలె, పెండ్లికి పోలె.
నల్లగొండ పెద్ద దవాఖానకు పొమ్మని
వాళ్లే ఆర్డరిచ్చిండ్రు.
రోగం ఊర్లను ఊడుస్తున్న ఎండకాలం.
ప్లాస్టిక్ సూటు లోపలి చెమట బూట్లల్లకు కారంగ
పేరు అడిగే లోపల్నే పోయినోళ్ల రెప్పలు
ఈ రెండు వేళ్లతోనే మూసిన.
నల్లగొండ పట్నమట.
పట్నంల మూసిన కండ్లు
పల్లె సేవ కిందికి రావట.

గట్ల నేను రిట్ పిటిషన్నైన.
పసునూరి సువర్ణ, వయసు ముప్పై ఒకటి,
ఇక నుంచి "సదరు పిటిషనర్".

తెల్లారగట్ల నాలుగు గంటల బస్సు.
మొదటి పేషీకి మా నంబరు నలభై ఒకటి,
ముప్పై ఎనిమిది కాడ కోర్టు లేచింది.
రెండో పేషీకి సర్కారు వకీలు టైమడిగిండు.
మూడో పేషీ మూడు నిమిషాలు.
"తదుపరి ఉత్తర్వుల దాకా
ఎముకల విభాగంల ఒక సీటు
ఖాళీగ ఉంచవలెను."
మా వకీలు గౌను దులుపుకుంట నవ్విండు,
సగం గెలిచినట్టేనన్నడు.
ఏ సగమో చెప్పలె.

వరండల ఒకామె నా ఎదురుంగ నిలవడ్డది.
నాలుగో ప్రతివాది.
ఇన్ని దినాలు మనసుల ఆమెకు
కారు ఇచ్చిన, అహంకారం ఇచ్చిన, తెలిసిన మంత్రిని గూడ ఇచ్చిన.
చేతుల పాలిథిన్ కవరు, కవర్ల ఫైలు.
ఫర్హత్ జబీన్, నారాయణపేట.
నాలుగేండ్లు కోస్గి దిక్కు చేసిందట, ఒక్క దినం తక్కువ లేదు.
"ఫీజు కట్టిన. హాస్టల్ల పరుపు గూడ పరిచిన.
ఇప్పుడు ఆ పరుపు తియ్యాల్నా, ఉంచాల్నా అక్కా?"

ఇమ్లిబన్ల పల్లీలు కొన్నది ఆమే.
పొట్టు ఊదుకుంట అన్నది:
"మీ దినాలు లెక్కల కలిస్తే బాగుండు."
కొంచెం ఆగి,
"కలవకున్నా బాగుండు."
ఇద్దరం నవ్వినం.
పాలమూరు బస్సు ముందుగాలొచ్చింది.

మర్నాడు ఓపీల కొమ్మయ్య.
బోరు నీళ్లు వంచిన నడుము, లేవని మెడ.
పదేండ్లసంది ఆయనకు మన్ను తప్ప మొఖాలు కనవడవు,
నన్ను చెప్పులు చూసి గుర్తువడ్తడు.
"కొత్త చెప్పులేసినవ్. కోర్టుకు పోయొచ్చినవా బిడ్డా?"
పోయొచ్చిన తాతా.
"ఏమన్నరు?"
బొక్కల డాక్టరు చదివే సీటు ఒకటి
ఎవ్వరికియ్యకుండ ఖాళీగ ఉంచమన్నరు.
నేలకే చూసుకుంట చాన సేపు ఆలోచించిండు.
ఆయనకు గూడ ఉన్నది ఒక గెట్టు పంచాది,
తాత ఏసిన దావా, మనుమడు తిరుగుతున్నడు.
"ఆ రెండెకరాలు గూడ గట్లనే ఉంచమన్నరు బిడ్డా.
సర్కారు తుమ్మ మొలిసింది."

నొప్పి గోలీలు పది దినాలకు రాసిన.
గవి నొప్పికే, నడుముకు కావు.
ఆయనకు ఎరుకే.

ఇప్పుడు హాజరు పట్టీల
సంతకం పక్కన టైము గూడ ఏస్తున్న,
గంటలు, నిమిషాలు.
ఏ దినం ఎవలు కొట్టేస్తరో తెల్వది.
ఇయ్యాల ఎనిమిది యాభై.
సిరా ఆరేదాక
ఊదుకుంట నిలవడ్డ.